గోడలో నీళ్ళు

గోడ పగిలిన పొద్దున అనౌన్సరమ్మకి ముందుగా కలిగింది సంతోషం. పైకి చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఉన్నమాట అదే. తెల్లవారుతుండగా దభీమన్న చప్పుడుకి లేచి కాలు కింద పెడితే చీలమండ దాకా నీళ్ళు. కిటికీలోంచి వచ్చే కాస్త వెలుతురులో చూస్తే ముందుగదికీ స్నానాలగదికీ మధ్య గోడ పొట్ట పగిలి, ఇటుకల సందులోంచి నీళ్ళు ఉరుకుతున్నాయి. ఆమె మంచం తలవైపు ఆనుకుని ఉండే గోడే అది. "చెప్పానా!" అంది ఎవరూ లేని గదితో. "చెప్పానా లేదా!"

ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. లోపలిగదిలోంచి కోడలు పరిగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ పిల్ల చూస్తున్నది గోడని కాదు, గోడకి ఆ చివర ఉన్న ఎంబ్రాయిడరీ మిషన్‌ని. పగిలినచోట నుంచి చిమ్ముతున్న నీళ్ళు నేరుగా మిషన్ మీద, సూదుల వరస మీద, పక్కనున్న చిన్న తెర మీద పడుతున్నాయి. దారపు ఉండలు స్టాండు మీంచి జారి, నీళ్ళలో తేలుతూ, రంగులు వదులుతున్నాయి. కుట్టి ఆరబెట్టినట్టు వరసగా పేర్చిన బడి బ్యాడ్జీలు మంచం కిందికి కొట్టుకుపోయాయి.

"ఎవరూ ఏదీ ముట్టుకోకండి!" అని అరుస్తూ కొడుకు వచ్చి కరెంటు మెయిను ఆపాడు. బయటికి పరిగెత్తి ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు కట్టేశాడు. జోరు తగ్గి, ధార సన్నబడి, చివరికి గోడ నోట్లోంచి చుక్కలు మాత్రం పడుతుంటే ముగ్గురూ నీళ్ళలో నిలబడిపోయారు.

అనౌన్సరమ్మ ఎదురుచూసింది. ఇప్పుడంటాడు. "నువ్వు చెప్పావమ్మా, మేమే పట్టించుకోలేదు" అంటాడు. అంత పెద్ద మాట కాకపోయినా ఫరవాలేదు, "నువ్వన్నది నిజమేనమ్మా" అన్నా చాలు. కొడుకు గోడని చూశాడు, మిషన్‌ని చూశాడు, తడి చేత్తోనే జుట్టు పీక్కున్నాడు.

"మనకి ఇంటి ఇన్సూరెన్స్ ఉంది కదా," అన్నాడు.

ఆమెది ఒకప్పుడు బస్టాండులో మైకు ముందు ఉద్యోగం. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఆమె చెబితే జనం మూటాముల్లే సర్దుకుని పరిగెత్తేవాళ్ళు. రిటైరయ్యాక వీధివాళ్ళు పెట్టిన పేరే అనౌన్సరమ్మ. ఏ మాటైనా రెండుసార్లు చెప్పే అలవాటు మాత్రం అలాగే ఉండిపోయింది. కొడుకు డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాడు. నేర్పే కార్లో పక్కసీటు ముందు, కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. ఎదుటివాడు తప్పు చేయబోతున్నాడనిపిస్తే దాన్ని తొక్కడమే అతని ఉద్యోగం. ఇంట్లో ఎవరు నోరు తెరిచినా అతని కాలు అక్కడికే పోతుంది. ఇలాంటి ఇద్దరు ఒక కప్పు కింద ఉంటే ఎవరి మాట ఎవరికి చేరుతుందో చెప్పక్కర్లేదు.

ఇన్సూరెన్స్ ఆఫీసులో ఫోనెత్తిన అమ్మాయి గొంతు తేనెలా ఉంది. నీళ్ళు తోడి బయట పారబోసుకోవచ్చంది. అంతకుమించి సర్వేయరు వచ్చి చూసేదాకా ఏదీ కదపొద్దు, ఏదీ తుడవొద్దు, గోడ పూడ్చొద్దు, తడిసినవి పారేయొద్దంది. సర్వేయరు ఎప్పుడొస్తాడమ్మా అంటే, తొందర్లోనే అంది.

ఆ "తొందర్లోనే"తో ఇల్లు ఇల్లులా లేకుండా పోయింది. అనౌన్సరమ్మకి ఒక చోట కాలు నిలవలేదు. ఆమె మంచం తడిసి, పరుపు ఉబ్బి, గోడ పెచ్చులు దిండు మీద పడి ఉన్నాయి. దులపబోతే కొడుకు "అమ్మా, కదపకు!" అన్నాడు. చీపురు తీస్తే "అమ్మా, ఊడవకు!" అన్నాడు. ఎన్నడూ లేనిది ఇంట్లో చెత్తకి కాపలా కాయాల్సి వచ్చింది. ముందుగదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వసారాలోకి తిరుగుతూ, తిరిగినప్పుడల్లా గోడలోని ఆ కంతవైపు ఒకసారి చూసేది. లోపల పైపు కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ వినడమే గానీ చూడలేదు.

మధ్యాహ్నం ప్లంబరు వచ్చి పగిలిన పైపు ముక్క కోసేసి, తాత్కాలికంగా బిరడా బిగించాడు. కోసిన ముక్కని కిటికీ గట్టు మీద పెట్టి, దాని చుట్టూ గడ్డకట్టిన తెల్లటి పొక్కు గోటితో గీరాడు. "ఇది ఇయ్యాల పోయింది కాదు సార్. లోపల లోపలే కారుకుంటా ఉండాది. జాయింటు కాడ తినేసింది."

"సరే సరే, నీ పని చూడు," అన్నాడు కొడుకు.

ప్లంబరు వెళ్ళగానే ఆ ముక్కని పాత గుడ్డలో చుట్టి డ్రైవింగ్ స్కూలు కారు డిక్కీలో పడేశాడు. అనౌన్సరమ్మ చూసింది. ఎందుకురా అని అడగబోయి మానేసింది. అడిగితే ఏం చెబుతాడో తెలిసినట్టే ఉంది.

కోడలు మాత్రం ఆ రోజంతా కూర్చోలేదు. మిషన్ కదపకూడదు కాబట్టి ఉన్నచోటే దాని చుట్టూ తిరిగింది. సూదులున్న తల మీద పొడిగుడ్డ అద్దింది. బాబిన్ డబ్బాలు విప్పి బోర్లించింది. గుడ్డ బిగించే ఫ్రేములు ఒక్కొక్కటి ఎండలో నిలబెట్టింది. తెర వెనక మూత విప్పితే చెంచాడు నీళ్ళు జారాయి. వాటిని అరచేతిలో పట్టుకుని, ఏం చేయాలో తెలియనట్టు కాసేపు అలాగే నిలబడింది. ఆ మిషన్ వచ్చాకే ఈ ఇల్లు కాస్త ఊపిరి పీల్చుకుంది. చుట్టుపక్కల బళ్ళ బ్యాడ్జీలన్నీ ఈ ముందుగదిలోనే తయారవుతాయి. కోడలు కుట్టి ఫ్రేము విప్పి ఇస్తే, వెనక వేలాడే దారాలు చిన్న కత్తెరతో కత్తిరించి దొంతర్లు పెట్టడం అత్తగారి పని. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. మిషన్ రొదలో మాట్లాడుకునే వీలూ ఉండదు.

మర్నాడు పొద్దున కోడలు అలవాటుగా ఒక చేతిలో మంచినీళ్ళ గ్లాసు, ఇంకో చేతిలో మాత్రతో అత్తగారి దగ్గరికి వచ్చింది. చెవిలో హోరుకి డాక్టరు రాసిన మాత్ర. అనౌన్సరమ్మ కూడా అలవాటుగానే చేయి చాపింది. ఇద్దరి చేతులూ గాల్లోనే ఆగిపోయాయి.

గోడలో నీళ్ళు నడుస్తున్నాయని ఆమె మొదటిసారి అన్నప్పుడు ఇంట్లో నవ్వుకున్నారు. పదోసారి అన్నప్పుడు భయపడ్డారు. ఇంకెవరికీ వినిపించని చప్పుడు ఆమె ఒక్కదానికే, అదీ పడుకున్నప్పుడే వినిపిస్తుంటే చెవులదే లోపమనుకున్నారు. చెవుల డాక్టరు మంచివాడు. అడిగినవాటికి ఆమె చెప్పిన జవాబులు విని, వయసులో ఇది మామూలేనమ్మా అన్నాడు. గోడకి చేయాల్సిన వైద్యం చెవికి చేశారు. కొన్నాళ్ళకి ఆమెకే అనుమానం పట్టుకుంది. మాత్ర వేసుకుని, దిండు చెవికి అదుముకుని, ఇది లేదు, ఇది నా తలలోనిది అని తనకి తనే నచ్చజెప్పుకుంటూ పడుకునేది.

కోడలు పిడికిలి మూసింది. మాత్ర లోపలే ఉండిపోయింది. "నీళ్ళు తాగండి అత్తయ్యా," అని గ్లాసు ఇచ్చి వెళ్ళిపోయింది.

అనౌన్సరమ్మకి అదే కొరత. ఇంత జరిగి, ఇల్లంతా తడిసి ముద్దయి కళ్ళెదురుగా ఉన్నా, ఆ ఒక్క ముక్క ఎవరి నోటా రాలేదు. పైకి అడిగితే చులకన. అడక్కుండా ఉండటం ఆమె వల్ల కావడం లేదు.

సాయంత్రం కొడుకు క్లాసులు ముగించుకుని వచ్చి, చెప్పులు విప్పకుండానే తల్లి ఎదురుగా స్టూలు వేసుకు కూర్చున్నాడు. అలా కూర్చున్నాడంటే పనిబడిందని అర్థం.

"అమ్మా, రేపు సర్వేయరు వస్తున్నాడు."

"రానీ. రానీ."

"మళ్ళీ ఫోన్ చేసి అన్నీ కనుక్కున్నా. పైపు ఉన్నట్టుండి పగిలితే ఇస్తారట. లోలోపల ఎప్పట్నుంచో కారుతుంటే ఇవ్వరట. అందులోనూ మనకి ముందే తెలిసుండి పట్టించుకోకపోతే అసలు మాట్లాడటానికే లేదట."

"మనకి ముందే తెలుసుగా."

"తెలీదు."

"నేను చెప్పాను కదరా. గోడలో నీళ్ళు నడుస్తున్నాయని చెప్పాను కదరా!"

"నువ్వు చెప్పావమ్మా. మాకు తెలీదు."

ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నువ్వు చెప్పావన్న మాట రెండు రోజులుగా ఎదురుచూస్తున్న మాటే. వచ్చిందెందుకంటే దాచిపెట్టడానికి. కొడుకు గొంతు తగ్గించి, కారు నేర్చుకునేవాళ్ళతో మాట్లాడినట్టు మెత్తగా చెప్పుకొచ్చాడు. "నువ్వేం మాట్లాడకు. అడిగినా మాట్లాడకు. అన్నీ నేను చూసుకుంటా. పోనీ, అతను ఉన్నంతసేపు పక్కింటికి వెళ్ళి కూర్చో."

"నా ఇంట్లోంచి నేనెందుకు పోవాలి?"

"పోవద్దులే. ఉండు. నోరు మాత్రం తెరవకు. ఆ మిషన్ బాగుపడాలా వద్దా?"

వంటింట్లోంచి గిన్నెల చప్పుడు ఆగింది. కోడలు వింటోందని అనౌన్సరమ్మకి అర్థమైంది. ఆ పొద్దున్నే బడి నుంచి ఫోనొచ్చింది. సెలవులైపోయేలోపు బ్యాడ్జీలు రాకపోతే ఇంకొకళ్ళకి ఇచ్చుకుంటామన్నారు. కోడలు ఆ ఫోన్లో "అయిపోతాయండీ, అయిపోతాయండీ" అంటూ తడిసిన బ్యాడ్జీ మీది దారాన్ని వేలికి చుట్టి విప్పి, చుట్టి విప్పి, చివరికి బ్యాడ్జీ మొత్తం ఊడదీసేసింది.

"బాగుపడాలి," అంది అనౌన్సరమ్మ. ఒక్కసారే అంది.

సర్వేయరు జలుబుతో వచ్చాడు. మాటకోసారి ముక్కు తుడుచుకుంటూ, క్షమించండి అంటూ, గదంతా ఓపిగ్గా చూశాడు. చెడ్డవాడిలా లేడు. ఆమెకి అతని మీద కోపం తెచ్చుకోవాలని ఉంది గానీ అతను ఆ అవకాశం ఇవ్వలేదు. రెండు మొనలున్న చిన్న పనిముట్టుని గోడకి గుచ్చి చూశాడు. గుచ్చినచోటల్లా అది కీచుమంది. కంతలో చేయి పెట్టి పెచ్చు ఊడదీసి, వేళ్ళ మధ్య నలిపి, వాసన చూడబోయి, జలుబు గుర్తొచ్చి మానేశాడు.

"పగిలిన పైపు ముక్క ఏదండీ?"

"ప్లంబరు పట్టుకుపోయాడు సార్," అన్నాడు కొడుకు. కారు వీధిలో, కిటికీకి ఎదురుగానే ఉంది.

"అయ్యో, ఉంచాల్సింది. ఈ మంచం ఎవరిది?"

"మా అమ్మది."

సర్వేయరు మంచం తలవైపు చూశాడు, గోడ కంత చూశాడు, వసారా గుమ్మంలో స్టూలు మీద కూర్చున్న అనౌన్సరమ్మని చూశాడు. "గోడకి ఇంత ఆనుకుని పడుకుంటారు కదా, అమ్మగారికి ముందు ఏదైనా వినిపించి ఉండాలే."

కొడుకు కాలు బ్రేకు మీదికి పోయింది. "అమ్మకి చెవులు వినిపించవండీ."

అనౌన్సరమ్మ ఒళ్ళు భగ్గుమంది. ఈ చెవులా? పక్కవీధిలో బండి స్టార్టయితే అది ఎవరి బండో చెప్పే చెవులా? నోరు తెరిచింది. ఎదురుగా కోడలు మిషన్ పక్కన కింద కూర్చుని, తల ఎత్తకుండా, అప్పటికే పొడిగా ఉన్న సూదుల్ని ఇంకా తుడుస్తోంది. తెరిచిన నోరు అలాగే ఉండగానే సర్వేయరు ఆమె దగ్గరికి వచ్చి వంగి, చెవి దగ్గర అరిచాడు.

"అమ్మా! గోడలో! ముందు! ఏదైనా! చప్పుడు! వచ్చేదా!"

ఆ అరుపుకి నిజంగానే చెవులు గింగురుమన్నాయి. ఆమె అతని ముఖంలోకి చూసింది.

"డెబ్బై దాటాయి బాబూ," అంది.

కొడుకు గట్టిగా నవ్వాడు, ఊపిరి వదిలినట్టు. సర్వేయరు జాలిగా తల ఊపాడు. ఇంత సులువుగా వచ్చిందేమిటా అని ఆమెకే ఆశ్చర్యమేసింది. పోనీలే, ఒక్క గంట చెవిటిదాన్నైతే ఏం పోయింది, మిషన్ తిరిగితే చాలు అనుకుని స్టూలు మీద సర్దుకు కూర్చుంది.

ఆ తర్వాత వాళ్ళు ఆమె ఎదుటే ఆమె లేనట్టు మాట్లాడుకోవడం మొదలెట్టారు. సర్వేయరు కంత దగ్గరే నిలబడి, పెచ్చు వెనకవైపు తెల్లటి ఉప్పు చారలు చూపించాడు. "ఇది చూస్తే పాత కారుడులా ఉందండీ. ఇంత ఉప్పు పట్టాలంటే ఒకటి రెండు రోజుల పని కాదు."

"మాకేం తెలీదు సార్. పైకి ఏమీ కనిపించలేదు."

"నేను మీ మాట కాదనడం లేదు. కానీ రాసేటప్పుడు ఇది రాయాలి కదా." ముక్కు తుడుచుకున్నాడు. స్నానాలగదిలోకి తొంగిచూసి, గోడకున్న ఇత్తడి వాల్వు పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. "దీన్ని ఎవరు తిప్పుతుంటారు? పెద్దవాళ్ళు ఒక్కోసారి కుళాయి కారుతోందని బలంకొద్దీ బిగించేస్తారు. మా అమ్మా అంతే. ఆ విసురుకి లోపల జాయింటు విరిగిందనుకోండి, అది ప్రమాదం కిందికి వస్తుంది. ఇంట్లోవాళ్ళు అలా జరిగిందని చెబితే నేను రాసే తీరు వేరేగా ఉంటుంది."

సాయం చేద్దామనే అన్నాడు. గొంతులో మంచితనమే ఉంది. కొడుకు వాల్వు వైపు చూశాడు, మిషన్ వైపు చూశాడు. తల్లివైపు మాత్రం చూడలేదు.

"అమ్మే తిప్పుంటుంది సార్," అన్నాడు. "ఈమధ్య తనేం చేస్తోందో తనకే తెలీడం లేదు. మందులు కూడా వాడుతున్నాం."

అనౌన్సరమ్మకి ఒక్క అక్షరం పొల్లు పోకుండా వినిపించింది. చెవిటిదన్నప్పుడు కోపం వచ్చింది. ఇప్పుడు కోపం రాలేదు. ఇల్లు మునుగుతుందని నెత్తీనోరూ కొట్టుకున్నది తను. ముంచిందీ తనేనట. లేచి నిలబడి బస్టాండంతా వినిపించేట్టు అరవాలనిపించింది. కానీ వినిపించని మనిషికి ఏం కోపం వస్తుంది? ముఖం ఎలా పెట్టుకోవాలో తెలియక నవ్వింది. ఎవరేమన్నా తనకేం పట్టనట్టు, అందరికీ కలిపి నవ్వే పిచ్చి నవ్వు.

అప్పుడే కోడలు తల ఎత్తింది. ఆ నవ్వు చూసింది.

"కాదు సార్," అంది కోడలు.

తుడుస్తున్న గుడ్డ కింద పెట్టి లేచి నిలబడింది. "ఆ వాల్వు ఎవరూ విరగ్గొట్టలేదు. అత్తయ్యకి చెవులు బానే వినిపిస్తాయి. గోడలో నీళ్ళు కారుతున్నాయని ఆవిడ వానలకి ముందే చెప్పారు. రోజూ చెప్పారు. నిజమే చెప్పారు. మేమే నమ్మలేదు. నేనే తీసుకెళ్ళి చెవులకి మందు ఇప్పించాను."

"ఏయ్! నీకేమైనా పిచ్చా?" అన్నాడు కొడుకు.

"మీరాగండి."

ఆ ఇంట్లో అతనికి ఆ మాట చెప్పినవాళ్ళు అంతవరకూ లేరు. సర్వేయరు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. "ఎందుకు చెప్పారమ్మా?" అన్నాడు నెమ్మదిగా, నొచ్చుకున్నట్టు. "చెప్పకుండా ఉంటే బాగుండేది." తర్వాత అనౌన్సరమ్మ ముందుకొచ్చి, ఈసారి వంగకుండా, అరవకుండా, మామూలు గొంతుతో అడిగాడు. "నిజమేనా అమ్మా?"

ఇప్పుడు కూడా ఏంటి బాబూ అనొచ్చు. ఆ ఒక్కమాటతో అన్నీ మళ్ళీ సర్దుకుంటాయేమో. కోడలేదో కంగారులో అందంటారు, కొడుకు ఇంకేదో చెబుతాడు. అనౌన్సరమ్మ మిషన్ వైపు చూసింది. ఆ పిల్ల రెక్కలు ముక్కలు చేసుకుని తెచ్చుకున్న మిషన్. ఆ పిల్ల మాత్రం మిషన్ వైపు చూడటం లేదు. తనవైపే చూస్తోంది. రెండు చేతులూ పక్కన వేలాడేసి, బళ్ళో తప్పు ఒప్పుకున్న పిల్లలా నిలబడింది. ఆ నిలబడ్డ తీరు చూశాక అబద్ధం నోటికి రాలేదు.

"నిజమే బాబూ," అంది.

సర్వేయరు తడి మంచం అంచునే కూర్చుని అంతా అడిగాడు. ఎక్కడ వినిపించేది, ఎలా ఉండేది, ఆగి ఆగి వచ్చేదా, ఆగకుండానా. ఆమె మొదట్నుంచీ చెప్పింది. మధ్యలో అతను ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. కొడుకు వసారాలోకి వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"మీరు మంచివాళ్ళమ్మా," అన్నాడు సర్వేయరు లేస్తూ. "కానీ నేను ఆశ పెట్టుకోమని చెప్పలేను."

అతను వెళ్ళాక కొడుకు కారు తాళాలు తీసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. తలుపు వేసిన విసురుకి ఇంకొన్ని పెచ్చులు రాలాయి. ఇక కదపొద్దన్నవాళ్ళు ఎవరూ లేరు. అనౌన్సరమ్మ చీపురు తీసుకుంది. ఊడుస్తూ ఊడుస్తూ కోడలి మీద విరుచుకుపడింది.

"నీకేం పుట్టిందే? నేను నోరు మూసుకుని ఊరుకున్నాను కదా! ఊరుకున్నాను కదా! నా చెవులు పోతే ఎవరికి కావాలి, నా మతి పోతే ఎవరికి కావాలి? ఆ బడివాళ్ళకేం చెబుతావు? నీ నోటికాడి కూడు నువ్వే తోసేసుకున్నావు. ఇప్పుడేం చేస్తావు చెప్పు!"

"తెలీదత్తయ్యా."

"తెలీకుండానే అన్నావా?"

"మీరు నవ్వారు," అంది కోడలు. "అది నేను చూడలేకపోయాను."

అనౌన్సరమ్మ ఊడవడం ఆపలేదు. గది ఒకసారి ఊడ్చి, మళ్ళీ మొదట్నుంచి ఊడ్చింది. కళ్ళు తుడుచుకుంటే ఆ పిల్ల చూస్తుందని తుడుచుకోలేదు. తిడుతూనే ఉంది. సూదుల్ని, సర్వేయరు జలుబుని, ఫోన్లో తేనె గొంతుని, కన్నకొడుకుని, అందర్నీ తిట్టింది. కోడలు మధ్యలో వెళ్ళిపోలేదు. చాట పట్టుకుని పక్కనే కూర్చుని, పెచ్చులు ఎత్తిపోస్తూ ఉండిపోయింది. తిట్లు అయిపోయాక ఇద్దరూ కలిసి పరుపు ఎండలోకి ఈడ్చారు.

రెండు రోజులకి అదే తేనె గొంతు ఫోన్ చేసింది. రాదట. గోడకీ రాదు, మిషన్‌కీ రాదు. కొడుకు ఫోన్ పెట్టేసి తల్లివైపు చూశాడు, దెబ్బకి సిద్ధపడ్డవాడిలా. ఆమె వాడికి అన్నం పెట్టింది. కోడలు అప్పటికే బడివాళ్ళకి ఫోన్ చేసి, ఆ బ్యాడ్జీలు వేరేవాళ్ళకి ఇచ్చుకోమని చెప్పేసింది. ఫోన్లో గొంతు మామూలుగానే ఉంది గానీ, ఆ తర్వాత చాలాసేపు ఖాళీ ఫ్రేములో చిన్న గుడ్డ బిగించి విప్పుతూ కూర్చుంది. సాయంత్రం మిషన్లు బాగుచేసే అతను వచ్చి, లోపలి బోర్డు పోయిందని, తెప్పించాలంటే నెలలు పట్టొచ్చని చెప్పి, మనుషుల్ని పెట్టి మిషన్‌ని ఎత్తించుకుపోయాడు. అది ఉన్నచోట నేల మీద లేత రంగు చదరం ఒకటి మిగిలింది. ముందుగది ఒక్కసారిగా పెద్దదైపోయింది.

కొడుకు పొద్దుటి క్లాసులకి ముందు ఇంకో క్లాసు ఒప్పుకున్నాడు. సర్వేయరు వచ్చిన రోజు గురించి ఎత్తలేదు. తల్లి ఎదురుపడితే తప్పుకుని దారి ఇస్తున్నాడు. "అన్నం తిన్నావా" అని మాత్రం అడుగుతున్నాడు, తిన్నదని తెలిసినా. క్షమించమని నోటితో అనడం వాడికి చేతకాదు. వాడి నాన్నకీ చేతకాలేదు.

ఆదివారం పొద్దున కొడుకు వంటింటి గట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. కోడలు గిన్నెలు కడుగుతోంది. అనౌన్సరమ్మ కిటికీ దగ్గర నిలబడి రెక్క ఒకసారి వేసింది, ఒకసారి తీసింది.

"ఈ కిటికీ కీలు వదులైనట్టుందిరా," అంది.

కొడుకు నోరు తెరిచాడు. నిన్న కూడా వేశాం కదమ్మా, బానే ఉంది కదమ్మా, అలాంటిదేదో అనబోయాడు. అనలేదు. టీ గ్లాసు సగంలోనే పక్కన పెట్టి లేచాడు. కారులోంచి స్క్రూడ్రైవరు తెచ్చాడు. స్టూలెక్కి, పై కీలు దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఒక్కో మరనీ పట్టి తిప్పి చూశాడు. గిన్నెల దగ్గర కోడలు కుళాయి కట్టేసి, వెనక్కి తిరగకుండా నిలబడింది.

"ఇదేనా అమ్మా?"

"కాదు, కింద."

కిందదీ చూశాడు. బలంకొద్దీ ఇంకో చుట్టు బిగించాడు. రెక్క వేసి, తీసి, మళ్ళీ వేసి, "ఇప్పుడు చూడు," అన్నాడు.

ఆమె వచ్చి చూసింది. మరలన్నీ ముందునుంచీ గట్టిగానే ఉన్నాయి. ఆ సంగతి ఆమెకి తెలుసు.

"ఇప్పుడు బాగుంది," అంది.